నాదస్వరం ఊదే నోటికి ఇన్‌హేలర్

నా నాదస్వరం సంచిలో రెండు ఇన్‌హేలర్లు ఉంటాయి. ఒకటి నీలం రంగుది, ఇంకొకటి కాషాయం రంగుది. వాటిని ఇప్పుడు కొంగు చాటున దాచుకోవడం లేదు. కల్యాణ మండపం వెనక బాత్రూములోకి పోయి తలుపేసుకొని పీల్చుకోవడమూ లేదు. అడిగినవాళ్లకు మామూలుగా చెప్తాను, అడక్కుండా గుసగుసలాడేవాళ్లకు ఇంకొంచెం గట్టిగా చెప్తాను. నాకు ఉబ్బసం ఉంది. నేను నాదస్వరం ఊదుతాను. ఈ రెండూ ఒకే మనిషికి కుదరవని నిరుడంతా నాకు చెప్పనివాళ్లు లేరు. గండం గడిచింది కాబట్టి కూర్చొని ఇది రాస్తున్నాను. జబ్బు పోయిందని కాదు, అది పోయేది కాదని నాకు తెలుసు. నా దారికి మాత్రం వచ్చింది.

నా పేరు సరోజ. పుట్టింది పూతలపట్టు దగ్గర పల్లెలో, పెళ్లయ్యాక చిత్తూరు. నాకు నాదస్వరం నేర్పింది మా నాయన. ఆడపిల్లకు మేళం ఎందుకని ఊళ్లో అందరూ అంటే, "దాని బుగ్గలు సూడండప్పా, ఊదేదానికే పుట్టినాయి" అనేవాడట. నా మొగుడు మునిరత్నం డోలు వాయిస్తాడు. ఆయన అన్న, మా బావ గోవిందస్వామి, తాళం వేస్తాడు, శ్రుతిపెట్టె చూసుకుంటాడు, పెళ్లిళ్లు ఒప్పుకొని వచ్చేదీ ఆయనే. మా మేళం అంటే ఈ ముగ్గురమే.

నాదస్వరం సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మేళంలో గాలి తెగకూడదు. బుగ్గల నిండా గాలి పెట్టుకొని, ఆ గాలిని వాద్యం కొసన నోట్లో పెట్టుకునే పీకలోకి ఊదుతూ ఉండగానే ముక్కుతో కొత్త గాలి లాగాలి. నాయన నాకు చెప్పిన మొదటి పాఠం ఇదే. బొప్పాయి ఆకు కాడను చెంబులో నీళ్లలో పెట్టి బుడగలు ఆగకుండా ఊదమనేవాడు. బుడగలు ఆగితే నెత్తిన మొట్టికాయ పడేది. "నోరుండేది ఊదేదానికి పాపా, ముక్కుండేది పీల్చేదానికి. ఈ రెండిట్నీ కలపద్దు" అనేవాడు. నేను ఏనాడూ కలపలేదు.

మాఘమాసం

తిరుపతిలో కొత్తగా కట్టిన ఒక ఏసీ మండపంలో పెళ్లి. అప్పటికే నాకు జలుబు, దగ్గు. చలికాలమంతా ముక్కు కారడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్నదే కాబట్టి పట్టించుకోలేదు. పెళ్లికూతురు నడిచి వచ్చే దారికి రెండు పక్కలా పొగ మిషన్లు పెట్టారు. అమ్మాయి మబ్బుల్లోంచి దిగి వచ్చినట్టు వీడియోలో పడాలట. ఆమె దిగి వచ్చింది, మబ్బులన్నీ వచ్చి వేదిక పక్కన కూర్చున్న మా మీద పడ్డాయి. దానికి హోమం పొగ, సాంబ్రాణి, ఎవరో ఒళ్లంతా కొట్టుకొచ్చిన సెంటు తోడయ్యాయి.

పురోహితుడు "గట్టిమేళం" అని చెయ్యెత్తాడు. తాళి కట్టే వేళకు ఎవరి తుమ్మూ, ఎవరి పాడుమాటా చెవిన పడకుండా మేళమంతా ఒక్కసారి ఎత్తుకోవాలి. మాకు పెళ్లంతా ఒక ఎత్తు, ఆ కాసేపు ఒక ఎత్తు. పీక నోట్లో పెట్టుకున్నాను, బుగ్గలు నిండాయి, రెండు స్వరాలు పలికాయి. ముక్కుతో గాలి లాగబోతే అది గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుంది. నాదస్వరం ఆగి, నా ఛాతీలోంచి పిల్లికూతలు మొదలయ్యాయి. ముందరే మైకు ఉండడంతో అవి మండపమంతా వినపడ్డాయి. మునిరత్నం నా మొహం చూశాడు. చేతులు మాత్రం ఆపలేదు. ఒక్క డోలుతోనే హాలు అదిరిపోయేలా వాయించాడు. తాళి పడింది, ఆ వెంటనే నేనూ పడ్డాను.

ఆస్పత్రిలో మొహానికి మాస్కు పెట్టి, అందులోకి పొగమంచు లాంటి మందు వదిలారు. చల్లగా, కొంచెం చేదుగా ఉంది. కాసేపటికి ఛాతీ మీద కూర్చున్నవాళ్లు లేచిపోయినట్టనిపించింది. కళ్లు తెరిస్తే మంచం పక్కన బావ నిలబడి ఉన్నాడు.

"పెళ్లోళ్లు ఒగటే రచ్చ సేస్తా ఉండారు సరోజా. తాళి కట్టే టయానికి మేళం నిలిచిపాయ, అపశకునం అంటాండారు" అన్నాడు.

నేను మాస్కు తీసి, "నేను ఆడనే సచ్చిపోయింటే శకునం బాగుండునా బావా?" అన్నాను.

నర్సు వచ్చి నన్ను కసిరి మాస్కు మళ్లీ పెట్టింది. బావ మొహం ముడుచుకొని బయటికి పోయాడు. కానీ లోపల నాకు భయంగానే ఉంది. ఊపిరి అందకపోవడమంటే ఏమిటో ఒకసారి తెలిశాక, అంతకు ముందటి ధైర్యం వెంటనే తిరిగి రాదు.

ఫాల్గుణం, చైత్రం

తిరుపతి ఆస్పత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ గది ముందర పొడుగాటి వరండా ఉంది. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లందరూ ఎవరి దగ్గును వాళ్లు అదుముకుంటూ, పక్కవాళ్ల దగ్గును లెక్కపెడుతూ ఉంటారు. అక్కడే నాకు ఖైరున్నీసా అక్క పరిచయమైంది. ఆమెకు పలమనేరులో గాజుల అంగడి ఉంది. చాలా ఏళ్లుగా ఉబ్బసం. నేను ఒక్కదాన్నే వచ్చానని తెలిసి తన డబ్బాలోంచి చపాతీలు సగం పెట్టింది. నేను ఎక్స్‌రేకు పోయి వచ్చేదాకా నా వరస పోకుండా బెంచీ మీద తన సంచి పెట్టి కాపలా కాసింది.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె ఇన్‌హేలర్ తీసి అందరి ముందరే పీల్చుకుంది. ఎదురుగా కూర్చున్న ఒకాయన నోరు తెరుచుకొని చూస్తున్నాడు.

"ఏంది భయ్యా అట్ల సూస్తాండావు? నీకు కళ్లద్దాలు ఉండాయి, నాకు ఇది ఉండాది. అంతే గదా!" అంది.

ఆయన తల దించుకున్నాడు. నాకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

డాక్టరమ్మ ఒక గొట్టంలోకి ఊదమంది, ఊదాను. ఇంకా గట్టిగా ఊదమంది, ఊదాను. జబ్బు పేరు చెప్పి, ముక్కులో కొట్టుకునే స్ప్రే ఒకటి, నోటితో పీల్చుకునే ఇన్‌హేలర్లు రెండు రాసింది. కాషాయం రంగుది రోజూ పీల్చాలి, నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు. "నోట్లో పెట్టుకొని, నొక్కుతూ నిదానంగా లోపలికి పీల్చి, కాసేపు ఊపిరి బిగబట్టండి. వస్తుందా?" అని అడిగింది. ఊపిరి సంగతి నన్ను అడుగుతోందేమిటని మనసులో అనుకొని, వస్తుందన్నాను. బయట ఇంకా చాలామంది ఉన్నారు. ఊదమన్నప్పుడు ఊదాను గాని, పీల్చి చూపించమని ఎవరూ అడగలేదు.

ముక్కు మందు అద్భుతంగా పనిచేసింది. చిన్నప్పటి నుంచి ఏటా కారుతూ ఉండే ముక్కు వారం తిరిగేసరికి తేటపడింది. సాంబారు పోపు వాసన వీధి మొదట్లోనే తెలిసేది. దాంతో నేను మందులన్నీ సరిగ్గానే వాడుతున్నానని డాక్టరమ్మ అనుకుంది, నేనూ అనుకున్నాను. ఛాతీ మాత్రం మాట వినలేదు. రెండు మెట్లెక్కితే పిల్లికూతలు. పైగా నాలుక మీద తెల్లగా మందంగా పూత కట్టింది. సంగటిలోకి కారం ముద్ద నంజుకుంటే కళ్లమ్మట నీళ్లు వచ్చేవి. వేడి చేసిందని పక్కింటివాళ్లంటే మజ్జిగ తాగాను, సబ్జా గింజలు నానబెట్టుకొని తాగాను. పూత పోలేదు, గొంతు కూడా బొంగురుపోయింది.

వైశాఖం

ముహూర్తాల మీద ముహూర్తాలు. బావ నాకు రెండు ఆజ్ఞలు వేశాడు. ఒకటి, పెళ్లిలో ఎవరి కంటా పడేలా ఇన్‌హేలర్ తియ్యకూడదు. రెండు, నాదస్వరం ముట్టకూడదు.

"మంగళవాద్యం ఊదే మనిషికి దమ్మురోగం అని తెలిస్తే మనల్ని ఎవురు పిలుస్తారమ్మా? కొన్నాళ్లు తాళం ఏసుకో" అన్నాడు.

తిరుత్తణి పక్క నుంచి ఒకాయనను పిలిపించాడు. మంచి వాద్యమే, ఆయన్ని తప్పు పట్టలేను. కానీ నేను కూర్చునే చోట ఆయన కూర్చొని, నా మొగుడి డోలుకు ఆయన ఊదుతుంటే, వెనక కూర్చొని తాళం వేస్తున్న నాకు చేతిలో ఉన్నది విసిరి కొట్టాలనిపించేది. ఎన్నోసార్లు అనిపించింది. ఆయాసం వచ్చినప్పుడల్లా లేచి మండపం వెనక్కి పోయేదాన్ని. ఫినాయిలు వాసన కొట్టే బాత్రూములో తలుపుకు వీపు ఆనించి, దొంగతనం చేస్తున్నట్టు గబగబా ఇన్‌హేలర్ నొక్కుకునేదాన్ని. పెళ్లిలో భోజనాలకు ముందు చేతులు కడుక్కోవడానికి వచ్చిన ఆడవాళ్లు తలుపు తడుతుంటే సగంలోనే ఆపేసేదాన్ని.

జ్యేష్ఠం రాకముందే మళ్లీ ఆస్పత్రి పాలయ్యాను. ఈసారి మింగే మాత్రలు కూడా ఇచ్చారు. వాటితో మొహం ఉబ్బి, అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేకపోయాను. డాక్టరమ్మ కాయితాలు తిరగేసి, "ఇంత మందు వాడుతున్నా అదుపులోకి రావడం లేదంటే, ఈ ఊదే పని మానుకోవడమే మంచిదమ్మా" అంది. ఆమె మంచి కోరే చెప్పింది. నాకు మాత్రం నాయన పోయిన రోజు వచ్చినంత ఏడుపు వచ్చింది.

నేనూ మునిరత్నం బస్సులో తిరిగి వస్తున్నాం. పూతలపట్టు దాటాక నేనే ఉండబట్టలేక అన్నాను. "మీ అన్న నన్ను ఎనక్కి తోసినాడు. డాక్టరమ్మ మానెయ్ అనింది. నువ్వొక మాటైనా అనకూడదా?"

"ఏం సెప్పమంటావు మే?" అన్నాడు. "ఆ పొద్దు నువ్వు పడిపోతా ఉంటే నా రెండు చేతులూ డోలు మీద ఉండాయి. పక్కనే ఉండి నిన్ను పట్టుకోలేకపోయినా. అట్లాంటిది ఇంగోసారి సూడాలంటే నా వల్ల గాదు."

ఆయనకు అంత భయం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. కోపం కొంచెం తగ్గింది, దిగులు మాత్రం పెరిగింది. నాదస్వరానికి గుడ్డ చుట్టి బీరువా పైన పెట్టేశాను.

ఆషాఢం

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. మేళంవాళ్లు వాద్యాలు బాగుచేసుకునే నెల అది. ఒక రోజు పొద్దున మునిరత్నం వాకిట్లో కూర్చొని డోలుకు వార్లు బిగిస్తున్నాడు. నేను గడప మీద కూర్చొని కాషాయం ఇన్‌హేలర్ తీసుకున్నాను. ఇంట్లో కూడా ఆయనకు కనబడకుండా పీల్చుకోవడం అలవాటైపోయింది గాని, ఆ రోజు లోపలికి లేచిపోయే ఓపిక కూడా లేకపోయింది. నోట్లో పెట్టుకొని నొక్కాను.

డోలు వాయించేవాళ్లు నాదస్వరం వైపు చెవి ఎంత పెడతారో, ఊదేవాళ్ల బుగ్గల మీద కన్నూ అంతే పెడతారు. బుగ్గ తగ్గుతుంటే ముగించబోతున్నామని, నిండుతుంటే ఇంకో చుట్టు ఉందని వాళ్లకు తెలుస్తుంది. పెళ్లయిన నాటి నుంచి ఆయన నా కళ్లకంటే నా బుగ్గలనే ఎక్కువ చూసుంటాడు.

"మే, నిలుపు" అన్నాడు. "ఇంగోసారి సెయ్."

"మందు మళ్లా మళ్లా తీసుకోకూడదు."

"ఊరికే నోట్లో పెట్టుకోని పీల్చు. నొక్కొద్దులే."

పీల్చాను. ఆయన లేచి వచ్చి నా ముందర గొంతుకూర్చున్నాడు.

"నీ బుగ్గలు ఉబ్బతాండాయి" అన్నాడు.

"ఉబ్బితే ఏమి?"

"పీల్చేటోళ్లకి బుగ్గలు లోపలికి పోవాల గదా మే? నీవి బయటికొస్తాండాయి. మందంతా బుగ్గల్లో పెట్టుకోని ముక్కుతో గాలి లాగతాండావు. మేళం ఊదేటప్పుడు సేసినట్టే సేస్తాండావు."

ఊపిరి తీసుకోవడం నాకు చెప్పొచ్చావా అని గయ్యిమన్నాను. ఆయన రెండు వేళ్లతో నా ముక్కు మూశాడు. "ఇప్పుడు పీల్చు" అన్నాడు. ఎంత ప్రయత్నించినా లోపలికి ఏమీ పోలేదు. నోట్లో ఇన్‌హేలర్ పెట్టుకొని బుగ్గలు పొంగించుకొని కూర్చున్నాను. సాయంత్రం మందు వేళకు అద్దం ముందర నొక్కి చూసుకుంటే, పెదాల సందుల్లోంచి తెల్లటి పొగ వెనక్కి వచ్చేసింది.

ఇన్ని నెలలుగా ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిన మందు నా బుగ్గల్లో, నాలుక మీద పడుతూ ఉంది. ఆ తెల్ల పూత అందుకే. ముక్కు మందు మాత్రం అంత బాగా పనిచేసిందంటే, నా ముక్కుకు పీల్చడంలో చిన్నప్పటి నుంచి తర్ఫీదు ఉంది మరి. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. మునిరత్నం కూడా నవ్వాడు. ఆయన నవ్వి చాలా నెలలైంది.

మరునాడే తిరుపతి పోయి డాక్టరమ్మ ముందర పీల్చి చూపించాను. మొదట పకపకా నవ్వింది. తర్వాత కళ్లద్దాలు తీసి, "ఇది మొదటి రోజే నేను చూడాల్సింది. మందు సరిపోవడం లేదని పెంచుకుంటూ పోయాను" అంది. నాలుక పూతకు మందు రాసింది. ఇన్‌హేలర్‌కు తగిలించుకునేందుకు పాలసీసా అంత ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఇచ్చింది. మందు ముందు ఆ గొట్టంలోకి కొట్టుకోవాలి, తర్వాత నిదానంగా నోటితో పీల్చుకోవాలి. అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. చూడ్డానికి పసిపిల్లల ఆటవస్తువులా ఉంటుంది.

అదేమీ అంత సులువుగా రాలేదు. గొట్టం పెదాలకు తగలగానే బుగ్గలు వాటంతట అవే నిండేవి. కొన్నిసార్లు పీల్చడానికి బదులు ఊదేసేదాన్ని, గొట్టంలో మందు వృథా అయ్యేది. ఎడమ చేత్తో ముక్కు మూసుకొని, నాయనా కాసేపు అటు తిరుగు అని మనసులో చెప్పుకొని, నోటితో పీల్చడం నేర్చుకున్నాను. మొదటిసారి మందు సరిగ్గా లోపలికి దిగినప్పుడు రొమ్ము లోపల చల్లగా తెలిసింది. ఆ చల్లదనం నాకు అప్పటిదాకా మాస్కు పెట్టినప్పుడు తప్ప తెలియదు. కొన్ని వారాలకు పిల్లికూతలు తగ్గాయి, మింగే మాత్రలు ఆపేశారు, మొహం మళ్లీ నా మొహంలా అయింది. డాక్టరమ్మ మళ్లీ తన దగ్గరున్న పరీక్ష గొట్టంలోకి ఊదించి చూసి, ముందు ఇంట్లో కొంచెం కొంచెంగా మొదలుపెట్టమంది. బీరువా పైనుంచి నాదస్వరం దించి గుడ్డ విప్పాను.

ఇది చదివే వాళ్లలో ఇన్‌హేలర్ వాడేవాళ్లు ఉంటే ఒక్క మాట వినండి. మందు పనిచేయడం లేదని తిట్టుకునే ముందు, డాక్టరు గదిలోనే దాన్ని తీసి పీల్చి చూపించండి. బయట వంద మంది ఉన్నా సరే, చూసేదాకా కుర్చీలోంచి లేవకండి. ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, జబ్బు ఆఖరి దశలోనే దాన్ని వాడతారు అని చెప్పేవాళ్ల మాట వినొద్దు. వాళ్లెవరూ మీ బదులు ఊపిరి పీల్చరు.

శ్రావణం

చిత్తూరులో పెళ్లి. తిరుత్తణి ఆయనకు ఆ రోజే వేరే చోట మేళం ఉందట. బావ దిక్కులు చూస్తుంటే నేను ఊదుతానన్నాను. ఆయన మునిరత్నం వైపు తిరిగాడు.

"అది ఊదతాదన్నా. నేను పక్కనే ఉంటా గదా" అన్నాడు మునిరత్నం.

బావ, "సరే. ఆ గొట్టం మాత్రం ఆడ తియ్యొద్దు సరోజా" అన్నాడు.

"తీస్తా బావా" అన్నాను.

ముహూర్తం దగ్గర పడింది. ఊదే ముందు నీలం ఇన్‌హేలర్ తీసుకోమని డాక్టరమ్మ చెప్పింది. వేదిక పక్కన మా జంపఖానా మీద, పెళ్లికి వచ్చిన అందరి ఎదురుగా సంచి తెరిచి గొట్టం బయటికి తీశాను. దానికి ఇన్‌హేలర్ తగిలించి, ముక్కు మూసుకొని, నిదానంగా పీల్చాను. ముందు వరసలో ఉన్న పెళ్లికొడుకు మేనత్త లేచి మా దగ్గరికి వచ్చింది.

"ఏందమ్మే ఇది? మంగళవాద్యం ఊదే మనిషికి రోగమా? ముహూర్తం టయానికి ఇదంతా ఈడనా? ఆ పక్కకి పొయ్యి పీల్చుకోరాదా?"

బావ తాళాలు పక్కన పెట్టి లేవబోయాడు. నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను కాబట్టి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమెను కాసేపు అట్లే నిలబెట్టి, మందు లోపల కుదురుకున్నాక నిదానంగా వదిలాను.

"పక్కకి పోతే మేళం కూడా ఆ పక్కనే ఊదాల పెద్దమ్మా. నేను యాడుంటే అది ఆడ. ఈడ ఊదమంటారా, ఆడ ఊదమంటారా?"

ఆమె నోరు తెరిచేలోపే పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచాడు. అక్షింతలు లేచాయి. పీక నోట్లో పెట్టుకొని ఎత్తుకున్నాను. మునిరత్నం కన్ను నా బుగ్గల మీద ఉంది, ఆయన దవడ బిగుసుకుపోయి ఉంది. పెళ్లికొడుకు మొదటి ముడి వేశాడు. ఫోటోగ్రాఫరు అడ్డం వచ్చి, అట్లే ఆగి ఇటు చూడమన్నాడు. మేళం ఆపడానికి లేదు. ముక్కుతో గాలి లాగాను, వచ్చింది. మళ్లీ లాగాను, మళ్లీ వచ్చింది. రెండో ముడి వేశాక ఫోటోగ్రాఫరుకు పెళ్లికూతురి జడ అడ్డమైందట. ఎవరో వచ్చి జడ సర్దారు, వీడియో అతను ఇంకో పక్కకు తిరిగాడు, పురోహితుడి చెయ్యి గాల్లోనే ఉంది. మేనత్త నా ఎదురుగా, నేను ఎప్పుడు ఆపుతానా అని చూస్తూ నిలబడింది. నేను ఆమెనే చూస్తూ, మూడో ముడి పడేదాకా నాదస్వరం దించలేదు.